తాగినా తగ్గని చెయ్యి

ఉధ్నా స్టేషన్‌లో రైలు దిగి, చెరో చేతిలో ఒక సంచితో ఆటో కోసం చూస్తున్నాను. వేసవి సెలవులు అయిపోయి ఊరి నుంచి ఈ మగ్గాల పట్నానికి తిరిగి వస్తున్నాను. మా సందులో ఉండే నేత పనివాడొకడు ఎదురుపడి, నా చేతిలోని సంచి ఒకటి అందుకుని, "సారూ, బావ సచ్చిపోయిండు" అన్నాడు.

"ఏ బావ?" అన్నాను.

మా సందులో బావ అంటే ఒక్కడే. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను, ఇంకెవరైనా అయితే బాగుండునని.

"మన బావనే సారూ. పదమూడు దినాలైంది. నడుస్తున్న సాంచల చెయ్యి వెట్టిండు. చేతికి దెబ్బ తాకంగనే ముందటికి తూలిండు. మెడల తువ్వాల బెల్టుకు చుట్టుకున్నది. కరెంటు బందు వెట్టేలోపట్నే అయిపోయింది."

సాంచ అంటే మరమగ్గం. నడుస్తున్న సాంచలో చెయ్యి పెట్టడం బావకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా పెడుతున్నాడు. అతని చేతికి ఏమైనా అవుతుందని నేను ఏనాడూ అనుకోలేదని రాద్దామనుకున్నాను. కానీ ఒకరోజు అనుకున్నాను. ఆ ఒక్క రోజు సంగతి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు. ఆటో ఎక్కి మేముండే డిండోలి దాకా వచ్చాక చూసుకుంటే నా ఒళ్ళో ఆ పనివాడి టిఫిన్ డబ్బా ఉంది. నా సంచి అతని దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడు మార్చుకున్నామో ఇద్దరికీ తెలియలేదు.

బావ పేరు రాయను. పేరు రాసినా మా సందులో సగం మందికి అది ఎవరో తెలియదు. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలకు అతను బావ, బీహారు వాళ్ళకూ బావే. కార్ఖానా సేఠ్ కూడా అదే అతని పేరనుకుని రిజిస్టరులో రాయించాడట. నేను ఇక్కడి తెలుగు మీడియం బడిలో సైన్సు చెబుతాను. తొమ్మిదేళ్ళు మా గదులు గోడకు గోడ. అతను బావ అయ్యాక అతని భార్య నాకు అక్క కాక తప్పదు కదా. ఆమె నన్ను తమ్మీ అనేది, బావ మాత్రం సారు అనేవాడు. వరసలు మా సందులో అట్లా కలగాపులగం.

చూస్తే వేగం మనిషి కాదు. చాయ్ తాగడానికి అరగంట పట్టేది. చెప్పు పట్టీ పెట్టుకోవడం ఒక కార్యక్రమం. ఏదైనా అడిగితే, నేను లోపలికి పోయి చొక్కా మార్చుకుని వచ్చాక జవాబు చెప్పేవాడు. అటువంటి మనిషి చేతులు మాత్రం అతని కంటే ముందు నడిచేవి. ఎగిరే దోమను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చంపకుండా వదిలేసేవాడు. "పో, ఇంకో దినం బతుకు" అనేవాడు దానితో. ఒకసారి అక్క అల్మారా మీది స్టీలు గ్లాసు జారవిడిస్తే, నాతో కూతురి పెళ్ళి సంగతి మాట్లాడుతూనే చెయ్యి చాపి దాన్ని గాలిలో అందుకుని పక్కన పెట్టాడు. మాట కూడా ఆపలేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. "ఏంది సారూ, అట్ల చూస్తున్నవ్?" అన్నాడు, గ్లాసు సంగతి అప్పటికే మరిచిపోయి.

సాంచలో చెయ్యి పెట్టడం ఎందుకో చెప్పాలి. నేసేటప్పుడు పోగు ముక్క ఒకటి వదులై బట్టలో పడుతుంది. సాంచ ఆపి తీస్తే ఏ ప్రమాదమూ లేదు. కానీ ఆపి మళ్ళీ నడిపిస్తే బట్ట మీద అడ్డంగా సన్నని గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు. చెయ్యి తిరిగిన నేతగాడికి అది చిన్నతనం. అందుకని పోగును బట్టలోకి దట్టించే అచ్చు ఒకసారి కొట్టి వెనక్కి పోయి మళ్ళీ కొట్టేలోపు, ఆ కంటి రెప్పపాటులో చెయ్యి పెట్టి పోగు లాగేస్తారు. అందరూ చేయరు. బావ చేసేవాడు. ఒకసారి నన్ను కార్ఖానాకు తీసుకుపోయి చూపించాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"అట్ల భయపడుతవేంది సారూ? రెండు దెబ్బల నడుమ మస్తు జాగ ఉంటది. అండ్ల తానం జేసి రావచ్చు" అన్నాడు.

ఆ చేతులకు ఫోనులో ఒక ఆట దొరికింది. మోటారుసైకిలు మీద పోతూ ఎదురొచ్చే లారీలను తప్పించుకోవాలి. తగిలితే ఆట అయిపోయినట్టే. ఎన్ని లారీలు దాటితే అంత గొప్ప. సెలవు రోజున పొద్దున్నే మా మెట్ల మీద పోటీ మొదలయ్యేది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళంతా ఒక పక్క, నలభై ఎనిమిదేళ్ళ బావ ఒక పక్క. బొటనవేళ్ళు రెండూ లుంగీకి తుడుచుకుని, నాలుక కొస బయటపెట్టి ఆడేవాడు. వేళ్ళు కదిలినట్టే ఉండేవి కావు. వచ్చే ప్రతి లారీకీ ఒక వరస కలిపేవాడు. "రా మామా రా. ఆఁ, నీ తొవ్వల నువ్వు పో. చిన్నాయినా, జర పక్కకు. ఓ తాతా, నువ్వెందుకొచ్చినవే ఈ ఎండల!" కుర్రాళ్ళు నవ్వలేక చచ్చేవాళ్ళు. వాళ్ళు అరవై దాటలేని చోట బావ వంద దాటి, ఫోను పక్కన పెట్టి, చల్లారిన చాయ్ మళ్ళీ మొదలుపెట్టేవాడు.

అంతా తాగనప్పటి మాట.

ఈ రాష్ట్రంలో మందు నిషేధం. అందుకే కాబోలు, కొత్తిమీర కోసం రెండు వీధులు తిరగాలి గానీ నాటుసారా పొట్లం కోసం మెట్లు దిగితే చాలు. బావ రోజూ తాగేవాడు కాదు. తాగిన రోజు మాత్రం ఫోను తప్పకుండా అడిగేవాడు. నాకు మొదటిసారి నిజంగా దిమ్మతిరిగింది అప్పుడే. ఒంటిగంట వేళ పొట్లం తాగి వచ్చి మెట్ల మీద కూచున్నాడు. లారీలతో వరసలు లేవు. "తప్పుకో! తప్పుకోరా!" అని అరుపులు. గట్టిగా నొక్కితే బండి తొందరగా తిరుగుతుందన్నట్టు అద్దం పగిలేలా నొక్కుతున్నాడు. ముప్పై ఎనిమిది దగ్గర లారీ కింద పడ్డాడు. పడి, లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "రెండొందలు!" అన్నాడు.

"ముప్పై ఎనిమిది బావా" అన్నాను.

"ఫోన్ తాగింది సారూ. నేను కాదు."

హాస్యం ఆడుతున్నాడనుకున్నాను. కాదు. ఆ మనిషి నిజంగా నమ్ముతున్నాడు. తన చెయ్యి అంత వేగంగా ఎప్పుడూ పోలేదని, ఒళ్ళంతా ఇంజనులా ఉందని ఒట్టు పెట్టుకుని చెప్పాడు. తెర మీద అంకె కళ్ళముందే వెలుగుతోంది.

గంజాయి బీడీ తాగిన రోజు ఇంకో తీరు. అరుపులు ఉండవు. "ఇయ్యాల టైం మెల్లగ నడుస్తుంది సారూ. లారీలు పల్లకీల లెక్క వస్తున్నయి" అనేవాడు. బండి వంక కాక రోడ్డు పక్క బొమ్మచెట్ల వంక చూసేవాడు. "చెట్లు మంచిగ పెట్టిండ్రు" అని మెచ్చుకునేలోపు లారీ వచ్చి గుద్దేది. దానికీ కోపం లేదు, "పాపం, అతనికి ఏం తొందరుందో" అనేవాడు. మందు తాగితే తన వేగం పెరిగిందనుకునేవాడు, గంజాయి తాగితే లోకం వేగం తగ్గిందనుకునేవాడు. రెండు సార్లూ లారీ కిందే పడేవాడు.

ఓడిపోయి గెలిచానంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది నా జబ్బు. బడి నుంచి ఒక అడుగు చెక్క స్కేలు తెచ్చాను. తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించే పనే. స్కేలును నిలువుగా పైన నేను పట్టుకుంటాను. అతను కింద రెండు వేళ్ళు తెరిచి ఉంచుతాడు. చెప్పకుండా వదిలేస్తాను. ఎన్ని అంగుళాలు జారాక పట్టుకున్నాడో చూస్తాను. తక్కువ జారితే చెయ్యి చురుకు. తాగని రోజు బావ ఆరు దగ్గర పట్టుకునేవాడు. మా బడిలో ఏ కుర్రాడూ ఏడు లోపు పట్టలేదు. పొట్లం తాగాక అదే చెయ్యి తొమ్మిది, పది దగ్గరికి పోయేది. గంజాయి రోజు స్కేలు మొత్తం జారి నేల మీద పడింది. బావ దాన్ని వంగి చూసి, "ఇప్పుడే పట్టుకుందామనుకున్న" అన్నాడు.

స్కేలు వంకర ఉందన్నాడు, నా చెయ్యి వంకర ఉందన్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున తనే వచ్చి, "ఫోన్‌తోని పేచీ పెట్టుకోవచ్చు గని స్కేలుతోని ఏం పేచీ పెట్టుకుంట సారూ" అన్నాడు. ఆ రోజు నుంచి తనకు తానే ఒక కట్టడి పెట్టుకున్నాడు. పనికి పోయే ముందు మెట్ల మీద కూచుని ఒక్క ఆట ఆడేవాడు. వంద లారీలు దాటితే ఆ రోజు సాంచలో చెయ్యి పెడతాడు. దాటకపోతే పెట్టడు. పోగు పడితే సాంచ ఆపుతాడు, గీత పడితే పడనిస్తాడు. పక్క సాంచల వాళ్ళు వెక్కిరించినా పట్టించుకోడు. రెండేళ్ళు అట్లాగే నడిచింది. చదువుకున్నవాళ్ళం మనం ఇంత తెలివిగా బతుకుతున్నామా అనిపించేది నాకు.

పోయిన చలికాలం సేఠ్ కొత్త మేనేజరును పెట్టాడు. బట్ట మీద గీతలు ఎక్కువ పడినవాళ్ళను సాంచల మీద నుంచి తీసేసి దారం చుట్టిన బాబిన్లు మోసే పనిలో వేస్తానన్నాడు ఆయన. ఇరవై ఏళ్ళు నేసినవాడికి అది తల తీసేసినట్టే. బావ గీతలు అప్పటికే ఎక్కువ. ఎందుకంటే తాగుడూ అప్పటికి పెరిగింది. వారంలో నాలుగు రోజులు సాంచ ఆపుతున్నాడు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ముందురోజు పగలంతా చుట్టాలింట్లో పిల్లకు పేరు పెట్టే విందు. బావ అక్కడే తాగాడు. పొద్దున్నే తలనొప్పని మళ్ళీ కొంచెం పుచ్చుకున్నాడు. మెట్ల మీద మూడుసార్లు ఆడాడు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ వింటున్నాను. ఇరవై దాటలేదు. మామలూ లేరు, తాతలూ లేరు. కాసేపటికి నా గుమ్మంలోకి వచ్చాడు. వెనకే అక్క, అతని టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని.

"సారూ, స్కేలు తీయి. కొలువు" అన్నాడు.

మూడుసార్లు వదిలాను. మూడుసార్లూ పది దగ్గరే పట్టుకున్నాడు. పట్టుకున్నాక అతని కళ్ళు స్కేలు మీద లేవు, నా మొహం మీద ఉన్నాయి. గీతలు ఇంకో రెండు పడితే బాబిన్లే అని రెండు రోజుల కిందటే మేనేజరు అన్నాడని నాకు తెలుసు. బడిలో అర మార్కు దగ్గర పిల్లల్ని ఏడిపించే మనిషిని నేను.

"ఎంత సారూ?"

"ఆరు" అన్నాను.

"ఆరా?"

"ఆరే బావా. పో, టైమైతుంది."

ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు. సంతోషం కనబడలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. అక్క చేతిలోంచి డబ్బా తీసుకుని మెట్లు దిగి పోయాడు. ఆ పూట బడిలో నేను ఏం చెప్పానో నాకే తెలియదు. సాయంత్రం మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినేదాకా ప్రాణం కుదుటపడలేదు. పది వేళ్ళతో తిరిగి వచ్చాడు. ఒక్క గీత కూడా పడలేదట. నాకు ఎంత గర్వమయిందంటే, మనిషికి కావలసింది కాస్త ధైర్యం, అది నేనిచ్చాను అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత బావ పొద్దుటి ఆట మానేశాడు. విసుగొచ్చిందేమో అనుకున్నాను. చాయ్ దుకాణం దగ్గర మాత్రం అందరితో, "తాగినా నా చెయ్యి తగ్గది. సారు కొలిచిండు, ఆరే" అని చెబుతున్నాడు. నేను పక్కనే ఉండి నా చెవులారా విన్నాను. విని ఏం చేశాను? నవ్వాను. మూడు నెలలు నవ్వుతూనే ఉన్నాను. తర్వాత సెలవులకు ఊరికి పోయాను.

ఊళ్ళో దినాలు చేసి అక్క మొన్న ఆదివారం తిరిగి వచ్చింది, గది ఖాళీ చేయడానికి. పెళ్ళయి పల్సానాలో ఉంటున్న కూతురు వచ్చి లోపల గిన్నెలు మూట కడుతోంది. అక్క ఇంట్లో చీరలకు దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఒప్పుకున్న చీరలు ఇంకా ఉన్నాయట, కింద కూచుని అవే కత్తిరిస్తోంది. నేను గుమ్మం దగ్గర కూచున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు అనే మాటలేవీ నాకు రాలేదు. దాచుకుని ఉండలేక ఒక్క ఊపున చెప్పేశాను.

"అక్కా, ఆ పొద్దున బావ చెయ్యి ఆరు కాదు. పది. నేను అబద్ధం చెప్పిన."

అక్క కత్తెర ఆపలేదు.

"నాకెరుకే తమ్మీ. నేను ఆయన ఎనకనే ఉన్న గద. సూసిన."

నేను గుమ్మం దాటి లోపలికి జరిగాను.

"ఆయన గూడ సూసిండు" అంది. "నీకంటె ముందుగాల్నే సూసిండు."

"సూసి... మరి ఎందుకు పోయిండు అక్కా?"

"నీ తాన్కి వచ్చేముందు నాతోని అన్నడు. 'వంద దాటుత లేను. నాకు తెలుస్తనే ఉన్నది. గని నాకు నేను చెప్పుకుంటె ఆగుత లేను, నువ్వు చెప్తె ఇంటలేను. సారు నోట పది అన్న మాట వస్తె ఇగ అయిపోయినట్టే. ఇయ్యాల్నే మేనేజరుకు చెప్పి బాబిన్లు మోస్త, తాగుడు బందు వెడ్త' అన్నడు. అందుకే డబ్బ ఆయన చేతికియ్యక నేనే పట్టుకొచ్చిన. పనికి పోడనుకున్న."

మెట్ల కింద ఎవరో స్కూటరు తన్నుతున్నారు. అది మొదలవడం లేదు. నాకు ఆ పొద్దున మళ్ళీ కనబడింది. సంతోషం లేని ఆ మొహం, "ఆరా?" అన్న ఆ గొంతు, నేను సిగ్గనుకున్న ఆ ఒక్క క్షణం. ఆ మనిషి నన్ను ధైర్యం అడగడానికి రాలేదు. ఆపమని వచ్చాడు. నేను వెనక్కి తిప్పి మెట్లు దింపాను.

"నువ్వన్న అనకపోయినవా అక్కా? పది అని నువ్వన్న అనకపోయినవా?" అన్నాను. నిందలో సగం ఆమె మీద వేద్దామని నా మనసు ఎంత తొందరపడిందో చూడండి.

"నువ్వు సారువి. నువ్వు ఆరు అన్నంక నేను పది అంటనా? అంటె ఆయన ఇంటడా?" అంది. గొంతులో కోపం లేదు. కత్తిరించిన చీర మడిచి పక్కన పెట్టి, ఇంకొకటి ఒళ్ళోకి లాక్కుంది. కొంగు వెతికి పట్టుకుని, అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది.

"ఎందుకట్ల చెప్పినవ్ తమ్మీ?"

"ఆయన మొహం చూసి చెప్పిన అక్కా."

"మొహం చూసెటందుకు నేనున్న గద" అంది అక్క. "నిన్ను చెయ్యి చూడుమన్నడు."